మార్కులు నిండుగా, హాళ్లు ఖాళీగా: ‘బెటర్ మ్యాన్’ లెక్క గోదావరి వైపు నుంచి

క్లుప్తంగా: బ్రిటన్ పాప్ గాయకుడు రాబీ విలియమ్స్ జీవితకథతో వచ్చిన ‘బెటర్ మ్యాన్’లో కథానాయకుడు మొదటినుంచి చివరిదాకా చింపాంజీ రూపంలోనే ఉంటాడు. విమర్శకులు మెచ్చారు, చూసినవాళ్లూ మెచ్చారు. వసూళ్లు మాత్రం ఖర్చులో అయిదో వంతు దగ్గరే ఆగిపోయాయి. నెపం చింపాంజీ మీదికి నెట్టడం తేలికే. కానీ గాయకుడితో జనానికి ముందే ఉన్న పరిచయం, పాటల హక్కులు, థియేటర్ ఇచ్చే గడువు అంతకన్నా పెద్ద కారణాలు. పద్యనాటకాలు చూసి పెరిగిన గోదావరి డెల్టాకు వింత రూపం కొత్త కాదు. ఇలాంటి సినిమా తెలుగులో వస్తే చిక్కు మరోచోట వస్తుంది.

అసలు ఏం జరిగింది

‘బెటర్ మ్యాన్’ను మొదట 2024 ఆగస్టులో అమెరికాలోని టెల్యురైడ్ చిత్రోత్సవంలో చూపించారు. డిసెంబరు 26న బ్రిటన్‌లోనూ, 2025 జనవరి 10న అమెరికా అంతటా విడుదల చేశారు. దర్శకుడు మైకేల్ గ్రేసీ. అంతకుముందు ‘ది గ్రేటెస్ట్ షోమ్యాన్’ (2017)తో పెద్ద విజయం అందుకున్నవాడు. రాబీ పాత్రను జానో డేవిస్ అనే నటుడు పోషించాడు. అతని కదలికలను, ముఖ కవళికలను కంప్యూటర్‌కు ఎక్కించి, న్యూజిలాండ్‌లోని వేటా సంస్థ వాటికి చింపాంజీ ఒళ్లు తొడిగింది. కథలో ఈ సంగతి ఎవరూ పట్టించుకోరు. ఇంట్లోవాళ్లు, తోటి గాయకులు, అభిమానులు అందరూ ఎదుట ఉన్నది మనిషే అన్నట్టు మసలుకుంటారు. జనం ముందు ఆడించే కోతితో రాబీ తనను తాను పోల్చుకుంటూ చెప్పిన మాటే దర్శకుడికి ఈ ఆలోచన ఇచ్చింది.

ఖర్చు సుమారు 11 కోట్ల డాలర్లు, అంటే 900 కోట్ల రూపాయల పైమాటే. ప్రపంచమంతా కలిపి వచ్చిన గ్రాస్ దాదాపు 2.2 కోట్ల డాలర్లు. అందులో సగం దాకా థియేటర్ల వాటాకే పోతుంది కనుక నిర్మాతల చేతికి వచ్చింది ఇంకా తక్కువ. అమెరికాలో వెయ్యికి పైగా థియేటర్లలో వేస్తే మొదటి వారాంతంలో రాబట్టింది సుమారు 11 లక్షల డాలర్లు. ఆస్ట్రేలియాలో తీసే సినిమాలకు అక్కడ పెట్టిన అర్హమైన ఖర్చులో 40 శాతం దాకా ప్రభుత్వ రాయితీ దొరుకుతుంది. ఈ చిత్రాన్ని చాలామటుకు మెల్‌బోర్న్‌లోనే తీశారు కాబట్టి కాగితం మీద కనిపించే నష్టమంతా ఒక్కరి నెత్తిన పడి ఉండదు. అయినా సినిమా ఆడలేదన్నది నిజం.

గౌరవాలకు మాత్రం లోటు రాలేదు. ఆస్ట్రేలియా చలనచిత్ర అకాడమీ పురస్కారాల్లో ఉత్తమ చిత్రంగా నిలిచింది. విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ నామినేషన్ దక్కింది. విమర్శల వెబ్‌సైట్లలో తొంభై శాతానికి దగ్గరగా ఆమోదం కనిపించింది. చదివేవారిని తికమక పెట్టింది ఇదే: ఇంత బాగుందంటుంటే జనం ఎందుకు వెళ్లలేదు?

(అమెరికాలో ఈ సినిమా వచ్చిన జనవరి 10నే ఇక్కడ ‘గేమ్ ఛేంజర్’ విడుదలైంది. నాలుగు రోజుల్లో మరో రెండు పెద్ద తెలుగు చిత్రాలు వరుస కట్టాయి. కోడిపందేల బరులు, అల్లుళ్ల రాకపోకల నడుమ ఆ వారం డెల్టాలో రాబీ విలియమ్స్ ఊసెత్తే తీరిక ఎవరికీ ఉండే అవకాశం లేదు.)

శాతాల తిరకాసు

సమీక్షలను ఒకచోట చేర్చే వెబ్‌సైట్ రాటెన్ టొమాటోస్‌లో 88 శాతం అంటే సినిమాకు వందకు 88 మార్కులు పడ్డాయని కాదు. వందమంది సమీక్షకుల్లో 88 మంది ‘ఫర్వాలేదు, చూడొచ్చు’ అన్నారని మాత్రమే. ఆ 88 మందీ పదికి ఆరే వేసి ఉండవచ్చు. ఒక సినిమాకు దాదాపు అందరూ బొటాబొటిగా పాస్ మార్కులిస్తే 95 శాతం వస్తుంది. మరొకటి సగంమందిని ఊపేసి, మిగతా సగానికి నచ్చకపోతే 50 దగ్గర ఆగుతుంది. వింత ప్రయోగాలకు తరచుగా ఎదురయ్యేది ఈ రెండో పరిస్థితి. ‘బెటర్ మ్యాన్’ దాన్ని తప్పించుకోవడం చిన్న విషయం కాదు.

ప్రేక్షకుల శాతానికి ఇంకో లోపం ఉంది. అది టికెట్ కొన్నవాళ్ల అభిప్రాయం. చింపాంజీ గాయకుడని తెలిసీ డబ్బు పెట్టి లోపలికి వెళ్లినవాడు సగం ఒప్పుకున్నట్టే లెక్క. పోస్టర్ చూసి పక్క హాలుకు వెళ్లిపోయినవాడి ఓటు ఎక్కడా నమోదు కాదు. కాబట్టి ఆ శాతం లోపల కూర్చున్నవాళ్లకు సినిమా నచ్చిందా లేదా అన్నదే చెబుతుంది. గేటు బయటి సంగతి దానికి తెలియదు. వసూళ్లను తేల్చేది ఆ గేటు బయట ఉన్నవాళ్లే.

రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం థియేటర్ల దగ్గర నడిచే ‘టాక్’ లక్షణం వేరు. బెనిఫిట్ షో నుంచి బయటికొచ్చినవాడు ‘బొమ్మ బాగుంది’ అన్నాడంటే ఆ మాట సినిమా చూడనివాడి చెవిలో పడుతుంది. వాడు అడిగే ఎదురు ప్రశ్న కూడా సూటిగానే ఉంటుంది: ‘ఇంట్లోవాళ్లను తీసుకెళ్లొచ్చా?’ ఆ ప్రశ్నకు శాతాల దగ్గర జవాబు లేదు. టాక్‌కు ఉన్న కష్టమల్లా ఒక్కటే, ఎవరో కొందరు ముందు లోపలికి వెళ్తేగాని అది పుట్టదు.

గేటు బయట ఆగినవాళ్లు

రాబీ విలియమ్స్ బ్రిటన్‌లో ఎంతటివాడో ఒక్క సంగతి చాలు. 2003లో ఇంగ్లండ్‌లోని నెబ్‌వర్త్‌లో వరసగా మూడు రాత్రులు పాడితే మూడు లక్షల డెబ్బై అయిదు వేలమంది వచ్చారు. అమెరికాలో లెక్క తిరగబడుతుంది. అతని పేరెన్నికగన్న పాట ‘ఏంజెల్స్’ అక్కడి ప్రధాన చార్టులో 53వ స్థానం దాటి పైకి వెళ్లలేదు. అంటే అమెరికా ప్రేక్షకుడి ముందు ఒకేసారి రెండు ప్రశ్నలు వచ్చి పడ్డాయి. ఎవరీయన? ఎందుకిలా ఉన్నాడు? మొదటిదానికి జవాబు తెలిసినవాడికి రెండోది కుతూహలం. తెలియనివాడికి అదొక అడ్డుగోడ.

బ్రిటన్‌లో మొదటి ప్రశ్న లేదు. అయినా అక్కడి అభిమానమంతా టికెట్లుగా మారలేదు. విచిత్రమేమిటంటే ఆ సినిమా పాటల ఆల్బమ్ 2025 జనవరిలో బ్రిటన్ చార్టులో మొదటి స్థానానికి చేరి, అతని నంబర్ వన్ ఆల్బమ్‌ల సంఖ్యను 15కు, అంటే బీటిల్స్ రికార్డు సరసకు తీసుకెళ్లింది. పాట మీద ప్రేమ వేరు, పాడినవాడి కష్టసుఖాలు రెండు గంటలు కూర్చుని చూడాలన్న కోరిక వేరు. మన దగ్గరా అంతే. ఊరేగింపులో ఒక గాయకుడి పాట పెట్టనిదే కదలనివారంతా ఆ గాయకుడి కథకు టికెట్ కొంటారన్న పూచీ లేదు.

దీనికి పూర్తి ఎదురు ‘బొహీమియన్ రాప్సొడీ’ (2018). క్వీన్ బృందం గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ కథ. అందరికీ అలవాటైన బాటలోనే నడిచింది: అనామకుడు, ఎదుగుదల, పతనం, చివర్లో మహా కచేరీ. విమర్శకుల్లో పదిమందికి ఆరుగురే సరేనన్నారు. తేదీలు కూడా అటూఇటూ అయ్యాయి. మెర్క్యురీకి తన ఎయిడ్స్ జబ్బు సంగతి 1985 నాటి లైవ్ ఎయిడ్ కచేరీకి ముందే తెలిసినట్టు చూపారు, నిజానికి అది తర్వాత సంగతి. అయినా 90 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసి నాలుగు ఆస్కార్లు పట్టుకుపోయింది. పాటలు ప్రపంచమంతా తెలిసినవి కావడం, ఆఖరి ఇరవై నిమిషాలు హాలునే కచేరీగా మార్చేయడం దాన్ని గట్టెక్కించాయి.

అయితే పరిచయం ఒక్కటే చాలదని చెప్పడానికి డెల్టా ప్రేక్షకుడికి పరదేశపు ఉదాహరణ అక్కర్లేదు. 2019లో రెండు భాగాలుగా వచ్చిన ఎన్టీఆర్ జీవితకథ చిత్రాలను గుర్తుచేసుకుంటే సరి. ఆయన తెలియని గడప లేదు, కథనంలో వింతా లేదు. రెండూ నష్టాలే మిగిల్చాయి. అంతకు ముందు ఏడాదే సావిత్రి కథ ‘మహానటి’ని జనం నెత్తిన పెట్టుకున్నారు. తెలిసిన మనిషి గురించి తెలియని బాధేదో చెప్పినప్పుడు హాలు నిండింది, తెలిసిన ఘనతే మళ్లీ చెప్పినప్పుడు నిండలేదు.

ఆరుగురు డిలన్‌లు, ఇద్దరు కృష్ణులు

వింత రూపం సంగతికి వద్దాం. 2007లో టాడ్ హేన్స్ తీసిన ‘ఐయామ్ నాట్ దేర్’లో అమెరికా గాయకుడు బాబ్ డిలన్ ఛాయలున్న పాత్రలను ఆరుగురు పోషించారు. వారిలో ఒకరు నల్లజాతి బాలుడు, మరొకరు కేట్ బ్లాంచెట్ అనే నటీమణి. ఏ పాత్రకూ డిలన్ అన్న పేరు లేదు. వెనిస్ ఉత్సవంలో బ్లాంచెట్‌కు ఉత్తమ నటి పురస్కారం వచ్చింది, ఆ తర్వాత ఆస్కార్ నామినేషన్ కూడా. పెట్టుబడి మాత్రం థియేటర్లలో తిరిగి రాలేదు. 2024లోనే అమెరికా సంగీతకారుడు ఫారెల్ విలియమ్స్ కథను లెగో బొమ్మలతో చెప్పిన ‘పీస్ బై పీస్’దీ దాదాపు అదే దారి. ఇవన్నీ కలిపి చూసి, ప్రయోగం చేస్తే జనం రారన్న నిర్ణయానికి రావడం పరిశ్రమలో మామూలే.

గోదావరి జిల్లాల రంగస్థలం ఆ నిర్ణయాన్ని ఒప్పుకోదు. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ పద్యాలతో ఆడే ‘రాయబారం’ నాటకంలో ఒకే రాత్రి పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారం సీనుకు మరో కృష్ణుడు రావడం దశాబ్దాల ఆనవాయితీ. ఆ జంటకవుల్లో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి కడియంలో పుట్టినవారు, దివాకర్ల తిరుపతిశాస్త్రిది భీమవరం దగ్గరి యండగండి. ఒకటో కృష్ణుడు పొట్టిగా, రెండో కృష్ణుడు లావుగా ఉన్నా చాప మీద కూర్చున్న ముసలమ్మకు ఇబ్బంది కలగలేదు. కిరీటం, పింఛం ఉంటే కృష్ణుడే. ఏ కృష్ణుడి రాగం ఎంతసేపు నిలిచిందన్నదే ఆమె చూసేది. మగవారు సత్యభామ వేషం కట్టడం, హరిదాసు ఒక్కడే చిడతలు పట్టుకుని రాముడూ సీతా రావణుడూ కావడం కూడా ఇక్కడి కంటికి అలవాటే. కపిలేశ్వరపురంలో హరికథ నేర్పడానికి ప్రత్యేకంగా ఒక పాఠశాలే నడిచింది.

ఇక కోతి సంగతి. మన పుక్కిటి కథల్లో నారద తుంబురుల పోటీకి న్యాయం చెప్పినవాడు హనుమంతుడు. ఆయన పాడితే బండ కరిగిందని, నారదుడి వీణ అందులో ఇరుక్కుపోయిందని చెప్పుకుంటారు. వానర రూపంలోని గాయకుడు ఇక్కడ అసంభవం కాదు, పూజనీయుడు కూడా. కాకపోతే ఒక మెలిక ఉంది. నిన్నమొన్నటి మనిషిని కోతిగా చూపితే ఇక్కడ అది ఆత్మపరిశీలన అనిపించుకోదు, ఎగతాళి అనిపించుకుంటుంది. రాబీ స్వయంగా ఒప్పుకుని గొంతిచ్చాడు కాబట్టి ఆ సినిమాకు ఆ నింద రాలేదు.

తేడా ఎక్కడ వచ్చిందంటే, రాయబారానికి వచ్చేవాడికి కథ ముందే తెలుసు. కథ తెలిసినచోట రూపంతో ఎన్ని ఆటలైనా ఆడుకోవచ్చు. కథా తెలియక, మనిషీ తెలియక, రూపమూ కొత్తదైతే పట్టుకోవడానికి కొస ఉండదు. ఆరుగురు డిలన్‌ల సినిమా డిలన్ జీవితం కంఠతా వచ్చినవారికి విందు, మిగిలినవారికి పరీక్ష. ‘బెటర్ మ్యాన్’ కథనం అంత కఠినం కాదు. చింపాంజీని పక్కనపెడితే అది తండ్రి మెప్పు కోసం తపించిన కొడుకు కథ, తణుకులోనైనా పాలకొల్లులోనైనా అర్థమయ్యే సరుకు. ఆ సంగతి పోస్టర్ చెప్పలేకపోయింది.

పాట ఎవరి సొత్తు

సంగీతకారుడి సినిమా భవిష్యత్తును చిత్రీకరణకు ముందే తేల్చే విషయం ఒకటి ఉంది, పాటల హక్కులు. అమెరికా గిటార్ విద్వాంసుడు జిమీ హెండ్రిక్స్ మీద 2013లో వచ్చిన చిత్రంలో ఆయన సొంత పాటలు లేవు, ఆయన హక్కులు చూసే వారసుల సంస్థ అనుమతి ఇవ్వలేదు. బ్రిటన్ గాయకుడు డేవిడ్ బౌవీ మీద 2020లో వచ్చిన ‘స్టార్‌డస్ట్’దీ అదే గతి. పాటలు లేని పాటగాడి కథకు ఎవరొస్తారు? రెండూ వచ్చినట్టు వెళ్లిపోయాయి. రాబీ తానే వెనుక ఉండటంతో ‘బెటర్ మ్యాన్’కు ఆ బెడద లేదు.

భారత కాపీరైట్ చట్టం ప్రకారం సాహిత్యానికి, స్వరరచనకు కర్త మరణించాక 60 ఏళ్లు, సౌండ్ రికార్డింగుకు విడుదల నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అన్నమయ్య, రామదాసు, త్యాగయ్య కీర్తనలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, రూపాయి కట్టక్కర్లేదు. తెలుగులో సంగీతకారుల కథలు ఎక్కువగా వాగ్గేయకారుల చుట్టూనే తిరగడానికి భక్తితో పాటు ఈ వెసులుబాటూ కారణమే అయి ఉండాలి. ఇరవయ్యో శతాబ్దపు గాయకుడి కథ తీయాలంటే రచయితలు, సంగీత దర్శకుల వారసులు, ఆడియో కంపెనీలు, ఇంతమంది గుమ్మాలు తొక్కాలి. సినిమా నేపథ్య గాయకుడైతే మరీ చిక్కు. పాడింది ఆయనే అయినా పాట ఆయన సొత్తు కాదు.

మన సంగీతకారుడు ముందు భక్తుడు

నాగయ్య నిర్మించి, దర్శకత్వం వహించి, నటించి, సంగీతం కూర్చిన ‘త్యాగయ్య’ (1946) నుంచి ‘మహాకవి క్షేత్రయ్య’ (1976), బాపు ‘త్యాగయ్య’ (1981), ‘అన్నమయ్య’ (1997), ‘శ్రీరామదాసు’ (2006) దాకా చూస్తే ఒక పోలిక స్పష్టం. సంగీతకారుడి జీవితం దేవుడి వైపు సాగే ప్రయాణం. బలహీనతలు ఉండొచ్చు, కానీ అవి జ్ఞానోదయానికి ముందే ముగిసిపోవాలి. ‘అన్నమయ్య’లో శృంగార గీతాల మోతాదు మీద, చరిత్రతో తీసుకున్న చనువు మీద విమర్శలు వచ్చాయి. సినిమా మాత్రం ఆడింది, కీరవాణికి జాతీయ పురస్కారం తెచ్చింది. చివరి ఘట్టంలో గర్భగుడి తలుపులు తెరుచుకున్నాక మొదటి సగం స్వేచ్ఛను ప్రేక్షకుడు మాఫీ చేశాడు. బాపు ‘త్యాగయ్య’లో అలాంటి మసాలా లేదు. ‘శంకరాభరణం’ కథానాయకుడు సోమయాజులే త్యాగయ్యగా వచ్చినా అది నాగయ్య చిత్రంలా ఆడలేదు.

‘బెటర్ మ్యాన్’ అసలు తెగువ చింపాంజీ బొచ్చులో లేదు. బతికున్న ఒక గాయకుడు తన మత్తుమందుల బానిసత్వాన్ని, అసూయను, అయినవాళ్లను బాధపెట్టిన తీరును దాచకుండా తెరమీద పెట్టించుకోవడంలో ఉంది. తెలుగులో సంప్రదాయం తప్పినట్టయ్యేది ఇక్కడే. రూపం మార్చితే డెల్టా ప్రేక్షకుడు సర్దుకుపోగలడు. పూజలందుకునే విద్వాంసుడికి ఒక చెడ్డరోజు ఉందని చూపితే శిష్యవర్గం, కుటుంబం, సభల నిర్వాహకులు, కులసంఘం వరసగా ప్రకటనలిస్తారు. చర్చ సినిమా గురించి కాక పరువు గురించి సాగుతుంది.

శంకరగుప్తం నుంచి ఒక కథ తీస్తే

కోనసీమలోని శంకరగుప్తంలో 1930 జులై 6న పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ జీవితంలో సినిమాకు కావలసినదంతా ఉంది. తండ్రి వేణువు, తల్లి వీణ వాయించేవారు. తల్లి ఆయన పసికందుగా ఉండగానే కన్నుమూశారు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు దగ్గర విద్య, పదేళ్లు నిండకముందే విజయవాడలో కచేరీ. మురళీకృష్ణ అన్న పేరు ముందు ‘బాల’ చేర్చింది హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్. తర్వాత కర్ణాటక సంగీతపు మూల రాగాలైన 72 మేళకర్తల్లో కృతులు, ఆకాశవాణి విజయవాడలో భక్తిరంజని, వయోలా, మృదంగం, ఖంజిర, ‘భక్త ప్రహ్లాద’ (1967)లో నారద వేషం.

కథలో ముడి కూడా తయారుగానే ఉంది. మూడు నాలుగు స్వరాలతోనే కొత్త రాగాలు కట్టానని ఆయన అంటే, రాగాలను ఎవరూ ‘తయారు’ చేయరంటూ వైణికుడు ఎస్. బాలచందర్ లాంటివారు గట్టిగా ఎదురు తిరిగారు. మహతి, లవంగి లాంటి ఆ రాగాల పేర్ల చుట్టూ నడిచిన ఆ వాదం సంగీత లోకాన్ని రెండుగా చీల్చింది. సంప్రదాయాన్ని కాదన్నాడనిపించుకున్నవాడి కథను సంప్రదాయ పద్ధతిలో చెప్పడమే విడ్డూరం. వరస తప్పిన కథనం ఇక్కడ ఆర్భాటం కాదు, కథ అడిగేదే అది. ఒక్కో రాగానికి ఒక్కో నటుడిని పెట్టినా పద్యనాటకం ఎరిగిన ప్రేక్షకుడికి మింగుడుపడుతుంది. అయితే ఆయన 2016లో కన్నుమూశారు కాబట్టి సొంత కృతులకు 2076 దాకా హక్కులు ఉంటాయి. ఆ హక్కుదారులకు నచ్చే కథ, ఆ ముడిని సూటిగా విప్పే కథ ఒకటే కావాలని లేదు.

వారం ఆగే హాలు ఏది

ఆఖరి చిక్కు వ్యాపారానిది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల హద్దులు మారి కోనసీమ, కాకినాడ, ఏలూరు వేరైనా సినిమా బయ్యర్ల పుస్తకాల్లో ఇప్పటికీ ‘ఈస్ట్’, ‘వెస్ట్’ అనే రెండు ఖాతాలే. జనాభాతో పోలిస్తే ఈ రెండూ మంచి రాబడినిచ్చే ప్రాంతాలు. అందుకే పెద్ద సినిమాలకు ఇక్కడ ముందే ధర కట్టేస్తారు. ఆ ధర రాబట్టుకోవాలంటే మొదటి మూడు నాలుగు రోజులే ఆయువుపట్టు. స్టార్ లేని ప్రయోగానికి ఊళ్లో ఒక హాలు, అందులో ఒక మ్యాటినీ దొరికితే గొప్ప. సోమవారానికి జనం పలచబడితే బొమ్మ మారిపోతుంది.

గోదావరి పరిసరాల్లో చిత్రీకరించిన ‘శంకరాభరణం’ 1980 ఫిబ్రవరి 2న విడుదలైనప్పుడు హాళ్లు దాదాపు ఖాళీ. నడివయసు కథానాయకుడు, శాస్త్రీయ సంగీతం, పోరాటాలు లేవు. నోటిమాట పాకడానికి కొన్ని వారాలు పట్టింది, అప్పటిదాకా బొమ్మ తెరమీదే ఉంది. తర్వాత జాతీయ స్వర్ణ కమలం, బాలసుబ్రహ్మణ్యానికి, వాణీ జయరామ్‌కు, మహదేవన్‌కు పురస్కారాలు, ఫ్రాన్స్‌లోని బెసాంసోఁ ఉత్సవంలో ప్రేక్షకుల బహుమతి. అదే సినిమా ఇవాళ వస్తే రెండో వారం చూడటమే కష్టం. చాలా చిత్రాలు నాలుగైదు వారాలకే ఓటీటీకి వచ్చేస్తుండటంతో, కొత్తరకం బొమ్మ గురించి మంచి మాట విన్నవాడు కూడా ‘ఇంట్లో చూద్దాంలే’ అనుకుంటాడు. ఆ చూపు వసూళ్ల లెక్కలోకి రాదు.

‘బెటర్ మ్యాన్’కు ఖర్చే శాపమైంది. ప్రతి ఫ్రేములోనూ చింపాంజీని కంప్యూటర్‌లో గీయాలి గనుక తక్కువలో తీసే వీలు లేదు. అంత పెట్టుబడికి మొదటి వారాంతంలోనే ప్రపంచమంతా తరలిరావాలి. మెల్లగా టాక్ పాకే రకం కథకు అంత వేగం అసాధ్యం. పద్యనాటకం పద్ధతిలో ఒక మనిషికి నలుగురు వేషధారులను పెట్టడానికి అంత డబ్బు అక్కర్లేదు. డెల్టా నుంచి ఇలాంటి సినిమా రావాలంటే హక్కుల చర్చ ముందు, బడ్జెట్ ఆ తర్వాత, రూపం చివర తేల్చుకోవడం మేలు. విడుదల తేదీ మాత్రం సంక్రాంతికి దూరంగా, ఏ జూన్ చివరో, నాట్లు మొదలుకాకముందు ఒక మ్యాటినీ నాలుగు వారాలు నిలబెట్టగల ఎగ్జిబిటర్ దొరికినప్పుడు పెట్టుకోవాలి.